ముందు సీట్లో గాజులత్త

మా కాలంలో నెల్లూరి మనిషి కారెక్కితే, ఊరు చేరతామా లేదా అన్న దిగులొక్కటే ఉండేది. ఎలా చేరతామన్నది దేవుడికి వదిలేసేవాళ్ళం. బండి దేనికైనా కొట్టుకుంటే లోపల ఉన్న మనిషి ఏమవుతాడన్న ప్రశ్న ఎవరికీ తోచేది కాదు. తోచినవాడు పైకి అంటే, బయల్దేరేటప్పుడు అవేం మాటలని నోరు మూయించేవారు. నడుముకు బెల్టుల్లేవు, గాలి సంచుల్లేవు. పట్టుకోవడానికి తలుపు పైన ఒక తోలు పట్టీ ఉండేది, అదీ ఒక కొసన తెగి వేలాడుతుండేది. ఇప్పుడు మా అబ్బాయి కారులో బెల్టు పెట్టుకోకపోతే అది గూట్లో పిచ్చుకపిల్లలా కీచుకీచుమని గోల చేస్తుంది. (దానితో బేరం కుదరదు. రెండుసార్లు ప్రయత్నించాను.) ఆ కీచుమనే గోల విన్నప్పుడల్లా నాకు ఒక పసుపుపచ్చటి అద్దమూ, ఒక పాత బొంతా, మా గాజులత్తా గుర్తుకొస్తారు. కుదురుగా కూర్చోలేక సీట్లో అటూ ఇటూ కదులుతాను. అప్పుడది ఇంకా గట్టిగా అరుస్తుంది.

మాది అంగళ్ళ కుటుంబం. నెల్లూరు బజారులో మా నాన్నది పటాల అంగడి. దేవుళ్ళకూ, పోయిన పెద్దలకూ, కొత్తగా పెళ్ళయిన జంటలకూ ఒకే రకం చట్రం, ఒకే రకం అద్దం. ఎదురు వరసలో మా మేనత్తది గాజుల అంగడి. మా ఇంట్లో పిల్లవాడు నడక నేర్చేలోపే ‘ఇచ్చే మాట చెప్పు’ అనడం నేర్చేవాడు. చెప్పిన ధరకు వస్తువు కొనడమంటే మాకు చెప్పులతో పూజగదిలోకి పోయినంత తప్పు. నేనైతే ఈ విద్యలో మరీ ముదిరిపోయాను. పన్ను పీకించుకోవడానికి పోయి, రెండు పీకితే ఎంతకు చేస్తావని అడిగి, నొప్పి లేని పన్ను కూడా పీకించుకుని వచ్చిన ఘనుణ్ణి. (ఆ సందు ఇప్పటికీ ఉంది. ఆ రోజుల్లో నాలుక అక్కడికి పోయినప్పుడల్లా నాకు లాభమే గుర్తొచ్చేది.)

ఈ విద్యతో పాటు వచ్చే జబ్బు ఒకటుంది. ఎవరేం చెప్పినా, ఇందులో వీడికేం మిగులుతుందని ముందు లెక్క వేస్తాం. వానొచ్చేట్టుంది అని పక్క అంగడాయన అంటే, ఇతగాడు గొడుగులేమైనా తెప్పించాడా అని చూస్తాం. దీనికి తోడు ఇరవై రెండేళ్ళ వయసులో నాకు ఒకచోట కాలు నిలిచేది కాదు. పటాలకు మేకులు కొడుతూ కూర్చుంటే గోడలు మీదికి వస్తున్నట్టుండేది. అరవైల మొదట్లో, అందరూ స్కూటరు కోసం పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కాచుకుంటున్న రోజుల్లో, నేను ఏకంగా కారు కొని మైపాడు రోడ్డు మీద బాడుగకు తోలాలని నిశ్చయించుకున్నాను.

ఇక గాజులత్త సంగతి. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఆమెకు ఎడమ కన్ను పోయింది. మిగిలిన కంటితో ఆమె చూసేది మేమందరం రెండేసి కళ్ళతో చూసేదానికన్నా ఎక్కువ. డజను గాజుల్లో వెంట్రుకంత పగులున్న ఒక్కదాన్ని ఇట్టే పట్టేసేది. కంటికి దొరక్కపోతే రెండు గాజులు తాకించి చెవి దగ్గర పెట్టుకునేది. మామయ్య పోయినా ఒక్క పండగ రోజు కూడా అంగడి మూయలేదు. పిల్లల్లేరు. నన్ను ఆమె ముద్దు చేసి పెంచిందో, బేరమాడి పెంచిందో ఇప్పటికీ తేల్చి చెప్పలేను.

కారు బుచ్చిరెడ్డిపాలెంలో దొరికింది. ఒక రైసుమిల్లు షెడ్డులో వడ్ల బస్తాల వెనక, తవుడు దుమ్ము కప్పుకుని నిద్రపోతోంది. యుద్ధానికి ముందరి ఇంగ్లీషు బండి. ముందు తలుపులు వెనక్కి తెరుచుకునేవి. గాలి దూరితే రెక్కల్లా విచ్చుకునేవి. తోలేవాడి ఎదురుగా చక్రం, దాని వెనక గునపం లాంటి ఇనుప కడ్డీ సూటిగా రొమ్ముకు గురిపెట్టి ఉండేది. మోకాళ్ళ ముందు ఇత్తడి బొడిపెలు, ఇనుప మీటలు, ఒక గడియారం (అది నేను పుట్టకముందే ఆగిపోయింది). ఇవేవీ నా కంట పడలేదు. నేను అద్దాల అంగడివాణ్ణి కదా, నా చూపు నేరుగా పోయి ముందు అద్దం మీద వాలింది. అది పాత నెయ్యి రంగుకు తిరిగి ఉంది. అంచుల వెంబడి బుడగలు. మా అంగడికి అలాంటి అద్దంతో పటం వస్తే, దేవుడి మొహం చూడకుండానే అద్దం పీకి పారేసేవాళ్ళం.

“ఏంది రెడ్డిగారూ, ఇది అద్దమా, ఆముదం పూసిన కాయితమా?” అన్నాను మిల్లు యజమానితో.

“సీమ అద్దం అబ్బయా. మా నాయన మద్రాసులో కొన్నాడు ఈ బండిని, అద్దాల మేడ మాదిరి ఉండేది అప్పట్లో.”

“సీమదైతే మాత్రం కామెర్లు రాకుండా ఉంటాయా? దీంట్లోంచి చూస్తే రోడ్డు కనపడుద్దా?”

“రోడ్డు కనపడాల్సింది బండి నడిస్తే గదా,” అన్నాడు ఆయన. అనేసి నాలుక కరుచుకున్నాడు. అమ్మేవాడు అలా నాలుక కరుచుకున్నాడంటే బేరం మన చేతికి వచ్చినట్టే. చెప్పిన ధరలో మూడో వంతు ఆ పచ్చద్దం పేరు మీదే కొట్టేశాను. నాలుగు ఎద్దులతో బండిని లాగించుకుని నెల్లూరు చేరేసరికి నా ఛాతీ ఇంజను మూత కన్నా ఎత్తుగా ఉంది.

బండికి ప్రాణం పోసినవాడు పానా భాయి. నడుముకు ఎప్పుడూ పానా వేలాడుతుండేది కాబట్టి ఆయనకు ఆ పేరు. ఇరవై రోజులు బండి కింద పడుకుని, లేచి, మసి తుడుచుకుంటూ ఒక మాట చెప్పాడు. “అబ్బయా, ఈ బండిలో దెబ్బలు తగలాలంటే ఇంకో బండొచ్చి గుద్దాల్సిన పన్లేదు. లోపల ఉండే సామాను చాలు. మెల్లంగా తోలుకో.” నేను వినిపించుకోలేదు. అప్పటికే మా అంగట్లో మిఠాయికొట్టు అల్మారా కోసం తెప్పించిన మందపాటి అద్దాన్ని, నాన్న భోజనానికి పోయిన సమయం చూసి, కొలత ప్రకారం కోసి తెచ్చి గోడకు ఆనించి ఉంచాను. ఏటి నీళ్ళంత తేటగా ఉందది. భాయి దాన్ని చూసి, గోటితో ఒకసారి తట్టి, పచ్చద్దానికి అడ్డంగా నిలబడ్డాడు.

“దీన్ని తీయబాక అబ్బయా. ఇది ఒక అద్దం కాదు, రెండు. మద్దెలో పల్చటి పొర పెట్టి అతికించినారు. పొర ముసలిదై పసుపెక్కింది, అంతే. దెబ్బ తగిల్తే పగులుద్ది గాని రాలదు. నువ్వు తెచ్చింది పగిలిందనుకో, కత్తులే. మొహానికి అడుగు దూరంలో కత్తులు పెట్టుకోని తోల్తావా?”

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం మనసు కదిలింది. “ఇట్టాంటిదే కొత్తది దొరుకుద్దా భాయి?” అని అడిగాను.

“ఎందుకు దొరకదు? మద్రాసులో మా బామ్మర్ది కాడ ఉంటది.”

ఆ బావమరిది వచ్చి అంతా చెడగొట్టాడు. ఆయన మాట ఎత్తకపోతే నేను నమ్మి ఉండేవాణ్ణేమో. బావమరిది పేరు వినగానే నాకు కథంతా అర్థమైపోయినట్టనిపించి, ఒక నవ్వు నవ్వి, “నీకెంత మిగులుద్ది భాయి?” అన్నాను.

 “నీ మొహం మిగులుద్ది అబ్బయా,” అని ఆయన పానా తీసి నా చేతిలో పెట్టి, బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయాడు. అల్మారా అద్దాన్ని నేనే బిగించుకున్నాను.

పచ్చద్దాన్ని కూడా వృథా పోనివ్వలేదు. తీసుకుపోయి గాజులత్తకు అమ్మాను, బల్ల మీద పరుచుకుని కింద గాజులు సర్దుకోమని. “పచ్చంగా ఉందేందిరా?” అని ఆమె అడిగితే, “పసుపు మంగళకరం గదా అత్తా, ముత్తైదువులు పరిగెత్తుకోని రారా?” అన్నాను. ఆమె ఒంటి కన్ను చికిలించి, నేను చెప్పినదాంట్లో సగమిచ్చి, పైన నాతోనే బల్లను ఆ అద్దం కొలతకు కుదిర్చి బిగించే పని చేయించుకుంది. అయినా పనికిరాని సరుకును గురువుకే అంటగట్టినందుకు ఆ పూటంతా బజారులో గాల్లో నడిచాను.

ఇక నా బాడుగ బండి వైభవం చెప్పుకోవాలి. వేగం చూపించే ముల్లు సున్నా దగ్గరే కదలకుండా ఉండేది కనుక నేనెంత వేగంగా పోతున్నదీ నాకు తెలియదు. తెలియని దానికి భయమెందుకు? నెల్లూరు నుంచి మైపాడుకు పదిహేను మైళ్ళు. ఆ సన్నటి రోడ్డు మీద కాలువ వంతెనలు ఎక్కి దిగేటప్పుడు నా బండి నాలుగు చక్రాలూ ఒకేసారి నేల మీద ఉండేవి కావు. బడిపిల్లలు చప్పట్లు కొట్టేవారు. బాతులు మందలు మందలుగా కాలువలోకి దూకేవి. వెనక సీటువాళ్ళు ఇందుకూరుపేట దాకా దేవుణ్ణి తలుచుకునేవారు, ఇందుకూరుపేట దాటాక నన్ను తిట్టుకునేవారు. దిగినవాళ్ళలో ఆడవాళ్ళు తిన్నగా గాజుల అంగడికి పోయి, “నీ మేనల్లుడు తోల్తా ఉంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాల్సి వచ్చిందమ్మా” అని చెప్పుకునేవారట. ఆ మాట అత్త ద్వారా నా చెవిన పడితే, ఉచితంగా ప్రచారమవుతోందని మురిసిపోయాను. నాన్న “కాస్త మెల్లగా పోరా” అంటే, ముసలితనం అనుకున్నాను. పానా భాయి దారిలో కనిపించినప్పుడల్లా ముందు అద్దం వైపు చూసి తల తిప్పుకునేవాడు. బావమరిది ఉత్తరం రాసినట్టున్నాడు, అనుకున్నాను.

అలా రెండు నెలలు గడిచి మాఘ పున్నమి వచ్చింది. సముద్ర స్నానానికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ మైపాడుకు కదిలే రోజు. ఐదు దఫాలు పోయి రావాలని నా పథకం. తెల్లవారీ తెల్లవారకముందే బండి తుడిచి నిలబెట్టాను. మొదటి దఫాకు ఒక కోర్టు గుమాస్తా, ఆయన భార్య, ఆయన తల్లి వెనక సీటెక్కారు. గుమాస్తా ఎక్కీ ఎక్కగానే జేబు గడియారం తీసి, “పొద్దు పైకి రాకముందే మునగాల. ఆలస్యమైతే ఒప్పుకోను,” అన్నాడు. “అద్ధగంటలో నీళ్ళలో ఉంటారు,” అన్నాను. (బండితో సహా అన్న మాట నోటిదాకా వచ్చింది గాని మింగాను.)

అప్పుడొచ్చింది గాజులత్త. అంగడికి తాళం వేసి ఉంది. మాఘ పున్నమి నాడు! ఊరి ఆడవాళ్ళందరూ గాజులు తొడిగించుకునే రోజు! చంకలో మడిచిన బొంత ఒకటి. నన్ను దాటుకుని వచ్చి ముందు తలుపు తీసి ఎక్కి కూర్చుంది.

“యాడికత్తా?”

“సముద్రానికి. మడిసిగా పుట్టినాక ఒక్కసారన్నా చూడద్దా?”

“ఆ బొంతేంది?”

“చలిగాలి,” అంది. అప్పటికే బండి తుడిచి తుడిచి నా చొక్కా చెమటకు వీపుకు అంటుకుని ఉంది. బొంత నాలుగు మడతలు వేసి ఒళ్ళో పెట్టుకుని, చేతులు దాని మీద పెట్టి సర్దుకు కూర్చుంది.

నా నోరు ఊరుకోదు కదా. “ముందు సీటుకు జాస్తి అత్తా,” అన్నాను.

“ఇస్తాలేరా. తోలు.” బేరమాడలేదు. నా జన్మలో మొదటిసారి గాజులత్త ఒక ధరకు బేరమాడలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

ఊరు దాటి పొలాల్లోకి వచ్చాం. రెండు వైపులా కోతలు నడుస్తున్నాయి. అలవాటు ప్రకారం కాలితో అదిమాను. బండి ఒక గెంతు గెంతింది. అత్త వెనక్కి పడలేదు. ముందుకు వంగింది. ఆ సీటు అంచుకు జరిగి, మొహం తీసుకుపోయి అద్దానికి జానెడు దూరంలో పెట్టి, కోడిపుంజులా మెడ తిప్పి, ఉన్న ఒక్క కంటితో రోడ్డును చూడసాగింది. ఉదయపు వెలుతురు ఆ అద్దంలోంచి ఆమె కంటి మీద పడింది. నేను కోసిన అద్దం. అంచు సరిగ్గా అరగదీయలేదని నాకు మాత్రమే తెలిసిన అద్దం.

నా నాలుక ఎందుకో పన్ను సందులోకి పోయింది. ఈసారి లాభం గుర్తుకు రాలేదు.

“ఎనక్కి ఆనుకో అత్తా.”

“ఆనుకుంటే ఏం కనపడుద్దిరా? ఉండేదొక కన్ను. దాన్ని దగ్గర పెట్టుకుంటేనే చూపు.”

పానా భాయి చెప్పినప్పుడు నవ్వేసిన మాటలన్నీ ఒక్కొక్కటే లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాయి. అబద్ధమే అయ్యుండొచ్చు, బావమరిది కోసమే చెప్పి ఉండొచ్చు. కాకపోతే? ఇన్నాళ్ళూ ఆ సీట్లో ఎంతమంది కూర్చోలేదు? వాళ్ళ కళ్ళు నాకు గుర్తు రాలేదు. (ఈ సంగతి రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. రాయకపోతే ఇంకా సిగ్గు.) నా కాలు దానంతటదే పైకి లేచింది. బండి మెల్లబడింది. ఒక గుంత వచ్చింది, అత్త మొహం అద్దానికి ఇంకో రెండు వేళ్ళు దగ్గరైంది. బండి ఇంకా మెల్లబడింది.

“అత్తా, ఎనక సీట్లో మెత్తంగా ఉంటది. ఆడికి పో.”

“ముందు సీటుకు జాస్తి అంటివే? జాస్తి ఇచ్చేది ఎనక కూర్చునేదానికా?”

“జాస్తి వద్దులే. ఎనక్కి పో.”

“మాటంటే మాటే.”

“అసలు బాడుగే వద్దత్తా!”

“వద్దంటే నేనూరుకుంటానా?”

“నేనే నీకు ఎదురు డబ్బులిస్తా. ఎంత గావాలో చెప్పు!”

“ఏందిరా, నీ నోట్లో ఇట్టాంటి మాటలు? జొరమొచ్చిందా?” అని నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. కన్ను మాత్రం రోడ్డు మీదే ఉంది. వెనక నుంచి గుమాస్తా మెడ సాచి, “ఆ ఎదురిచ్చేదేదో నాకియ్యి, నేనొచ్చి ముందు కూర్చుంటా! బండి మాత్రం కదిలించు నాయనా!” అన్నాడు.

కదిలించడం నా వల్ల కాలేదు.  సీట్లో నిప్పులున్నట్టు ఇటు జరుగుతాను, అటు జరుగుతాను. రోడ్డు మీద కొంగ వాలినా బండి ఆపేస్తాను. మా వెనకొచ్చిన పాల సైకిలు గంట కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. పూర్తిగా మనుషులతో నిండిన ఎడ్లబండి దాటిపోయింది. అందులోని పిల్లలు మాకు చేతులూపారు. చివరికి ఎదురుగా చేపల గంపతో వస్తున్న పట్టపు జాలరామె ఒకతె ఆగి, లోపలికి తొంగిచూసి, “ఏం నాయనా, నెట్టాల్నా?” అని అడిగింది. గుమాస్తా గడియారం చెవి దగ్గర పెట్టుకుని, “ఇది ఆగిందా, బండి ఆగిందా?” అని భార్యను అడుగుతున్నాడు. ఆయన తల్లి మాత్రం, “ఉండనీరా, ఇట్టా పోతే ఎంత సుఖంగా ఉండాదీ,” అంది.

ఇందుకూరుపేట దాటాక ఒక కాలువ వంతెన. దాని ఏటవాలు మీద మాకు ముందు ఒక వరిగడ్డి బండి ఎక్కుతోంది. గడ్డి జారకుండా పైన కట్టిన వెదురు బొంగు వెనక్కి బారెడు పొడుచుకు వచ్చి ఉంది. నేను దూరంగానే బండి ఆపేశాను. పూర్తిగా ఆపేశాను. చేతి బ్రేకు కూడా లాగాను. ఇది నా జీవితంలో నేను గర్వంగా చెప్పుకునే కొద్ది సంగతుల్లో ఒకటి. అయితే ఎద్దులు మొరాయించాయి. గడ్డి బండి ఒక చక్రం తిరిగేంత వెనక్కి జారింది. ఆ వెదురు కొస తీరిగ్గా, మర్యాదగా వచ్చి, నా అద్దాన్ని మధ్యలో ముట్టుకుంది. అంతే, ముట్టుకుంది.

ఠప్పున ఒక చప్పుడు. తరవాత వడగళ్ళ వాన పడ్డ చప్పుడు.

కళ్ళు తెరిచేసరికి నా ఎదురుగా అద్దం లేదు. అల్మారా అద్దం పొడుగాటి ముక్కలుగా చీలి లోపలికి రాలింది. పక్కకు తిరిగి చూడాలంటే మెడ తిరగలేదు. తిప్పి చూస్తే అత్త లేదు. ఆ సీట్లో ఒక బొంత కూర్చుని ఉంది. అది ఆమెను తలదాకా కప్పేసి ఉంది. బొంత మడతల్లో, సరిగ్గా మొహం ఉండాల్సిన చోట, మూరెడు పొడుగు గాజుముక్క ఒకటి నిలువుగా దిగబడి ఎండకు మెరుస్తోంది.

“అత్తా!” అన్నాననుకుంటాను. 

బొంత కదిలింది. కింది నుంచి రెండు చేతులు వచ్చి దాన్ని మెల్లగా, పసిబిడ్డను దించినట్టు ముందుకు దించాయి. మొహం బయటికి వచ్చింది. కన్ను ఉంది. నన్నే చూస్తోంది. ఆ ముక్కను రెండు వేళ్ళతో పీకి, వెలుతురుకు ఎత్తి పట్టి, గోటితో తట్టి చెవి దగ్గర పెట్టుకుని, “మంచి గాజురా. బాగా కోస్తాది,” అంది.

వెనక వాళ్ళకు ఏమీ కాలేదు. గుమాస్తా తల్లి కొప్పులో ఒక చిన్న ముక్క పువ్వులా చిక్కుకుని ఉంది, అంతే. నాకు వేలి కణుపు దగ్గర తెగింది. అది అద్దం పగిలినప్పుడు కాదు, తరవాత ముక్కలు ఏరుతుంటే. పుట్టినప్పటి నుంచీ అద్దాలు కోసిన చెయ్యి. అత్త కొంగు చించి కట్టు కడుతుంటే అడిగాను.

“నీకు తెలుసా అత్తా, ఈ అద్దం సంగతి?”

“తెలవకుండా ఇంత ఉక్కలో బొంత ఎవుతైనా తెచ్చుకుంటాదా?”

అప్పుడు చెప్పింది. పది రోజుల కిందట నీళ్ళ చెంబు జారి ఆమె బల్ల మీది పచ్చద్దం మీద పడిందట. అద్దం పగిలింది, కానీ ఒక్క ముక్క రాలలేదట. ముప్ఫై ఏళ్ళుగా గాజు పగలడం చూస్తున్న మనిషి ఆమె. పగిలీ పట్టుకునే ఉన్న గాజును ఎన్నడూ చూడలేదు. పానా భాయిని పిలిపించి ఇదేమిటని అడిగింది. ఆయన అంతా చెప్పాడు, బావమరిది సంగతితో సహా.

“మరి నాతో చెప్పద్దా?”

“చెప్తే వింటావా? భాయి చెప్తే కమీషనంటివి. మీ నాయన చెప్తే ముసిలోడంటివి. నేను చెప్తే ఆ పచ్చద్దం మళ్ళీ నీకే అంటగట్టను వచ్చినానంటావు. నీకు మాటతో పన్లేదు, ధర పెట్టి చూపిస్తేనే తెలుస్తాది. అందుకని ధర పెట్టినా.” కట్టు బిగించి ముడి వేసింది. “నా కాడ ఉండేది ఒకటే గదా.”

 ఎదుటివాడు ఒక ధర చెప్తే దాని మీద ఇంకో ధర చెప్పకుండా ఊరుకున్నది నా బతుకులో అదే మొదలు. గడ్డి బండి మనిషి వచ్చి, మమ్మల్నందరినీ చూసి, తిడదామా తిట్లు తిందామా అని కొంతసేపు ఆలోచించి, ఎద్దులను తిట్టుకుంటూ పోయాడు. పొలాల మీది గాలి, అద్దం లేని సందులోంచి, నేరుగా మా మొహాల మీద కొడుతోంది.

“ఆ పచ్చద్దం మళ్ళా ఇస్తావా అత్తా?” అని చివరికి అడిగాను.

“ఇస్తా. ఊరికే కాదు.”

“ఎంత?”

“డబ్బులెవురికి గావాల? ఎంత బిరీన తోల్తావో చెప్పు.”

చూడండి, మనిషి బుద్ధి ఎలాంటిదో. అద్దం ముక్కల మధ్య నిలబడి, చేతికి కట్టుతో, కళ్ళలో నీళ్ళతో, నేను బేరం మొదలుపెట్టాను. “బస్సుతో సమానంగా,” అన్నాను. “జట్కాతో సమానంగా,” అంది. “జట్కా అంటే ఎవురెక్కుతారత్తా? బస్సు కన్నా ఒక్క పిసరు తక్కువ.” “జట్కా కన్నా ఒక్క పిసరు ఎక్కువ. అదీ గుర్రం కుర్రదైతే.” అలా పావుగంట సాగింది. గుమాస్తా పొద్దును మరిచిపోయి మధ్యవర్తిత్వానికి దిగాడు, కోర్టు అలవాటు. చివరికి జట్కా కన్నా ఎక్కువ, బస్సు కన్నా తక్కువ అని ఒప్పందం కుదిరింది. వంతెనల మీద మాత్రం జట్కాయే. ఆమె చేయి చాచితే నా కట్టు కట్టిన చెయ్యి వేశాను.

మిగిలిన దారంతా అద్దం లేకుండానే పోయాం. మైపాడు చేరేసరికి మా ఐదుగురి మొహాలూ దుమ్ముతో ఒకే కుటుంబం వాళ్ళలా ఉన్నాయి. పొద్దు ఎప్పుడో పైకొచ్చింది. గుమాస్తా అయినా మునిగాడు. అత్త చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని తడి ఇసుకలో నిలబడి, మెడ ఇటు తిప్పి ఈ కొస, అటు తిప్పి ఆ కొస చూసింది. “దీన్నెవురూ బేరం చెయ్యలేరు గదరా,” అంది. నేను ఆమె ఎడమ వైపుకు పోయి నిలబడ్డాను, ఆమెకు కనపడని వైపు. మగవాడు ఏడుస్తుంటే ఎవరూ చూడకూడదని ఆ వయసులో పట్టింపు.

పచ్చద్దం మళ్ళీ బండికి ఎక్కింది. దాని మూల చెంబు పడ్డ చోట చుక్కలాంటి పగులు ఒకటి, బండి ఉన్నన్నాళ్ళూ ఉంది. ఎవరైనా అదేమిటని అడిగితే రశీదు అని చెప్పేవాణ్ణి. పానా భాయి దాన్ని బిగించి పానా నడుముకు తగిలించుకుంటూ, “ఏం మిగిలింది అబ్బయా?” అని మాత్రం అడిగాడు. మద్రాసు బావమరిదికి నిజంగానే అద్దాల కొట్టు ఉందని తరవాత తెలిసింది. చాలా నిజాయితీపరుడట.

ఇప్పుడు నేను మా అబ్బాయి కారులో ముందు సీటు కావాలని పట్టుబడతాను. ఒళ్ళో దుప్పటి మడిచి పెట్టుకుంటాను. కొడవలూరు దాటగానే వాడు బండిని పెద్ద రోడ్డు మీద బాణంలా వదిలేస్తాడు. నాకు సీట్లో కుదురుండదు. మెడ సాచి అద్దం దగ్గరికి వంగబోతే బెల్టు పట్టుకుని వెనక్కి లాగుతుంది. పైగా నాకు రెండు కళ్ళూ నిక్షేపంగా ఉన్నాయి, పందెం ఒడ్డినా విలువ లేదు.

“మెల్లగా పోరా,” అంటాను.

“ఎంతలో పొమ్మంటావ్ నాన్నా?” అంటాడు వాడు నవ్వుతూ. ఎంతైనా అంగడి రక్తం.

“జట్కా కన్నా ఎక్కువ, బస్సు కన్నా తక్కువ.”

వాడు తలూపుతాడు. తలూపి అంతే వేగంతో పోతాడు. పాపం, వాడు జట్కాను ఎక్కడ చూశాడు గనక.